ట్రాక్ డేకి వెళ్తే రోజూ రోడ్డు మీద బండి నడిపేవాడికి ఏమైనా లాభమా?

శ్రీకాకుళం నుంచి పైడిభీమవరంలో ఫార్మా కంపెనీకి రోజూ 150 సీసీ బండి మీద వెళ్ళొస్తానని రాశారు. స్నేహితులు చెన్నై దగ్గర ట్రాక్ డేకి, అంటే డబ్బు కట్టి రేసు ట్రాక్ మీద బండి నడిపే రోజుకి, రమ్మంటున్నారట. అంత డబ్బు పోసి వెళ్తే మన రోడ్డు మీద పనికొచ్చేది ఏమైనా వస్తుందా అన్నది మీ ప్రశ్న. వస్తుంది. అయితే మీ స్నేహితులు ఏ విద్య కోసం వెళ్తున్నారో అది మాత్రం మీకు పనికిరాదు. పనికొచ్చేది ముందు చక్రం బ్రేకు వాడడం. దాన్ని నేర్చుకోవడానికి చెన్నై దాకా వెళ్ళక్కర్లేదని కూడా నేను గట్టిగా చెప్తాను.

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఉద్యోగం కోసం కొన్నేళ్ళు చెన్నైలో ఉన్నాను. శ్రీపెరుంబుదూర్ దారిలో ఇరుంగాట్టుకోట్టై దగ్గరున్న ట్రాక్ అప్పుడే చూశాను. ఇప్పుడు దాన్ని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. 3.7 కిలోమీటర్ల చుట్టు, 12 మలుపులు. ఆఫీసులో ఒకతను ప్రతి సీజన్‌లో వెళ్ళేవాడు, అతనితో పాటు నేనూ వెళ్ళాను. తోలు సూటు, బూట్లు, గ్లౌజులు అద్దెకి తీసుకున్నాను. ఎండాకాలం మద్రాసులో తోలు సూటు వేసుకుని నిలబడడం ఎలా ఉంటుందో చెప్పడం నా వల్ల కాదు.

పొద్దున్నే అద్దాలు విప్పించేశారు. హెడ్‌లైటుకి, ఇండికేటర్లకి టేపు వేయించారు, పడితే గాజుపెంకులు ట్రాక్ మీద పడకూడదని. స్పీడు మీటరుకి కూడా టేపే. ఎంత వేగంలో వెళ్తున్నామో చూసుకుంటూ కూర్చుంటే ముందు ఏముందో చూడరట. తర్వాత జెండాల పాఠం. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఎవరినీ దాటొద్దు. ఎరుపైతే అందరూ నెమ్మదిగా పిట్స్‌కి, అంటే ట్రాక్ పక్కన బళ్ళు ఆపే చోటికి, వచ్చేయాలి. నీలం అంటే వెనక నీకంటే వేగంగా ఒకడు వస్తున్నాడు. అది విన్నప్పుడు రణస్థలం జంక్షన్లో నాలుగు మూలలా నలుగురు నీలం జెండాలు పట్టుకుని నిలబడితే ఎలా ఉంటుందో అనిపించింది. వెనక లారీ వస్తోందని ఆటోవాడికి ఎవరైనా చెప్పాలి కదా, అద్దంలో తన మొహం తప్ప ఇంకేం కనపడదు అతనికి.

ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకి వెళ్తారు. వినడానికి చిన్న విషయమే గానీ మొత్తం తేడా అక్కడే ఉంది. ఎదురుగా ఎవరూ రారు. కుక్క రాదు, గేదె రాదు, బడి వదిలిన పిల్లలు రారు. మలుపులో దారి తప్పితే పక్కన ఖాళీ నేల, కంకర. పడితే అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే మలుపుకి బయటి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి అంచుని తాకి, మళ్ళీ బయటి అంచుకి వెళ్ళే గీత నేర్పుతారు. మీ స్నేహితులు మోజు పడేది ఆ గీత మీదే, మోకాలు నేలకి తగిలే ఫొటో మీదే.

ఆ గీతని ఎస్.కోట మీదుగా అరకు వెళ్ళే ఘాటు రోడ్డులో వేస్తే ఏమవుతుందో ఆదివారం పొద్దున్న బొడ్డవర దాటాక ఒక గంట నిలబడితే తెలుస్తుంది. మనం ఎడమ పక్క నడిపేవాళ్ళం. ఎడమ మలుపుకి 'బయటి అంచు' అంటే రోడ్డు మధ్య గీత. ట్రాక్ పద్ధతిలో మలుపు దాటి బయటికి తేలారంటే ఎదురొచ్చే ఆర్టీసీ బస్సు బంపరు ముందు తేలతారు. కుడి మలుపులో లోపలి అంచుకి వాలితే చక్రాలు మన వైపే ఉన్నా తలకాయ అవతలి వరుసలో ఉంటుంది. పైగా హెయిర్‌పిన్ మలుపులో బస్సుకి రోడ్డంతా కావాలి, అది దాని తప్పు కూడా కాదు. కొండ మీంచి కారే నీళ్ళు, పాచి, ఎండుటాకులు, లారీ వదిలిన డీజిల్ చుక్కలు వేరే. విశాఖ నుంచి వచ్చే కుర్రాళ్ళు నలుగురైదుగురు కెమెరా హెల్మెట్ల మీద పెట్టుకుని అక్కడ మోకాళ్ళు పెడుతుంటారు. హెల్మెట్ దేనికి కనిపెట్టారో తెలీదు గానీ, వీళ్ళకి మాత్రం కెమెరా తగిలించుకునే మేకులా పనికొస్తోంది. వాళ్ళలో కొందరు ట్రాక్ డే చేసొచ్చినవాళ్ళే. అందుకే ట్రాక్‌కి వెళ్ళొస్తే రోడ్డు మీద జాగ్రత్త పెరుగుతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కొందరికి పెరుగుతుంది, కొందరికి ఇంకా ధైర్యం ఎక్కుతుంది. రోజంతా పెద్ద వేగాల్లో తిరిగి గేటు బయటికి వస్తే 70 కూడా నడకలా అనిపిస్తుంది, అది నాకే అనిపించింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మధ్యాహ్నం ఒక ఇన్‌స్ట్రక్టర్ మమ్మల్ని నేరు రోడ్డు చివర నిలబెట్టి కోన్లు పెట్టాడు. కాలు పెడల్ మీంచి తీసేయమన్నాడు, చేతి బ్రేకు, అంటే ముందు చక్రానిది, ఆ ఒక్కదానితోనే ఆపమన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళం సగం మందిమి బిక్కమొహాలు వేశాం. అందరం సొంత డబ్బుతో పెద్ద బళ్ళు కొనుక్కుని వచ్చినవాళ్ళమే. ఆయన చెప్పింది చాలా తేలిక. ముందు కొంచెం పట్టుకో, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు కిందకి దిగి బరువు ముందు చక్రం మీదకి రానివ్వు, ఆ తర్వాత ఎంత కావాలంటే అంత నొక్కు. బరువు ముందుకి వచ్చిన కొద్దీ ముందు టైరు రోడ్డుని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, వెనక చక్రం తేలికైపోతుంది. తేలికైన చక్రానికి ఎంత బ్రేకు వేస్తే మాత్రం ఏం లాభం, అది లాక్ అయి, అంటే తిరగడం ఆగిపోయి, జారుతుంది. గట్టిగా ఆపాల్సి వచ్చినప్పుడు పని చేసేదాంట్లో ముప్పాతిక ముందు బ్రేకే. సాయంత్రానికి నా చెయ్యి ఆ పని దానంతటది చేస్తోంది.

ఆ మరుసటి సంక్రాంతికి ఊరెళ్ళాను. కనుమ నాడు మాంసం తేవడానికి మా మావ స్ప్లెండర్ తీసుకుని చీపురుపల్లి బయల్దేరాను. ఊరు దాటగానే గొర్రెల మంద అడ్డొచ్చింది. చేతి బ్రేకు పట్టుకున్నాను. లీవరు వెళ్ళి గ్రిప్పుకి ఆనింది, బండి మాత్రం అలా పోతూనే ఉంది. కాలితో ఆపి, దిగి చూస్తే ముందు చక్రం దగ్గర కేబుల్ నట్టు పూర్తిగా వదులు చేసి ఉంది. మాంసం తేకుండానే వెనక్కి వచ్చి, మావా, నీ ముందు బ్రేకు పోయింది, మెకానిక్‌కి చూపించు అన్నాను.

"పోనేదురా, నానే వదులు సేయించినాను" అన్నాడు.

ఎందుకని అడిగితే చెప్పిన కారణం విని నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. "మా సిన్నోడు బండి తీస్తన్నాడు గదా. ఎప్పుడైనా బయపడి ముందు బ్రేకు పట్టేసినాడనుకో, పల్టీ కొట్టేస్తాడు. అందుకే అసలు పట్టకుండా సేసేసినాను."

కొడుకు మీద ప్రేమతో కొడుకు బండికి ఉన్న బ్రేకుల్లో ముప్పాతిక తీయించేశాడు. ఇది మా మావ ఒక్కడి కథ అనుకోకండి. చీపురుపల్లి, గరివిడి, రాజాం వైపు పాత బళ్ళ ముందు లీవర్లు ఒకసారి పట్టి చూడండి. సగం వదులుగా ఉంటాయి. అందరికీ చిన్నప్పుడు బండి నేర్పిన నాన్నో మావో అన్నో చెప్పిన మొదటి మాట ఒకటే: ముందు బ్రేకు జోలికి వెళ్ళకు. ఆ భయానికి మూలం లేకపోలేదు. మట్టి రోడ్డు, ఇసక, హ్యాండిలు తిరిగి ఉంది, అప్పుడు ముందు బ్రేకు ఒక్కసారిగా లాగితే బండి నిజంగానే పడుకుంటుంది. ఆ ఒక్క సందర్భాన్ని పట్టుకుని తారు రోడ్డు మీద, నేరుగా వెళ్తున్నప్పుడు కూడా దాన్ని ముట్టుకోకుండా రెండు తరాలు బళ్ళు నడిపారు.

మావకి మాటలతో చెప్తే వినలేదు. నీ సదువు నీ దగ్గరుంచుకో అన్నాడు. దాంతో పానా తీసి నట్టు బిగించి, మావని వెనక కూర్చోబెట్టుకుని లేఅవుట్‌కి తీసుకెళ్ళాను. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి విజయనగరం జిల్లాలో ఎన్ని లేఅవుట్లు వేశారో మీకు తెలుసు. చీపురుపల్లికీ ఎయిర్‌పోర్టుకీ సంబంధం ఏమిటని అడిగితే రియల్ ఎస్టేట్ వాళ్ళకి కోపం వస్తుంది. ఇళ్ళు లేవు, మనుషులు లేరు, ఆర్చి ఉంది, కొబ్బరి మొక్కలు ఎండిపోయి ఉన్నాయి, మధ్యలో నల్లగా నిగనిగలాడే తారు రోడ్డు. మన ప్రాంతంలో బండి నేర్చుకోడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ప్లాట్లు అమ్ముడుపోకపోవడం వల్ల జరిగిన మేలు ఇదొక్కటే.

రోడ్డు పక్కన 30 అడుగులకో హద్దురాయి ఉంది. మొదటి రాయి దగ్గర బ్రేకు వేయాలని నియమం పెట్టుకున్నాం. ముందుగా చీపురు లాంటి కొమ్మ ఒకటి విరిచి రోడ్డు మీదున్న ఇసక ఊడ్చాను, మావ అది చూసి కట్ట మీద కూర్చుని పకపకా నవ్వాడు. తర్వాత ఆయన్నే ఎక్కమన్నాను. 40 వేగంలో వచ్చి తన పద్ధతిలో కాలి బ్రేకు తొక్కాడు. వెనక చక్రం కీచుమంటూ అటూ ఇటూ ఊగి, బండి రెండు రాళ్ళు దాటేసి నాలుగోదానికి కొంచెం ఇవతల ఆగింది. "సూసినావా, ఆగింది" అన్నాడు గర్వంగా.

ఇప్పుడు రెండూ కలిపి వెయ్యి అన్నాను. ఒక్కసారిగా లాగుతాడేమోనని నాకే టెన్షన్. లీవరు ఎలా పట్టుకోవాలో ఇంగ్లీషు పుస్తకాల్లో నానా రకాలుగా రాస్తారు, అవన్నీ వదిలేసి, గేదె పొదుగు పట్టుకున్నట్టు పట్టుకో మావా, లాగకు అన్నాను. ఆయనకి రోజూ పొద్దున్నా సాయంత్రం అదే పని. ఇంక వివరించనక్కర్లేకపోయింది. అదే 40 వేగంలో వచ్చాడు, వేళ్ళు మెల్లగా బిగిశాయి, బండి ముక్కు కిందకి వంగింది, రెండో రాయి దాటీదాటకుండానే ఆగిపోయింది. పల్టీ లేదు, జారడం లేదు. ఆయన దిగలేదు. అలాగే కూర్చుని వెనక్కి తిరిగి రాళ్ళని చూసి, ముందు చక్రాన్ని చూసి, "ఇన్నాల్లూ సగం బ్రేకుతోనే తిరిగినానేటిరా" అన్నాడు. సగం కూడా కాదు మావా అన్నాను. ఆ తర్వాత బండి నాకు ఇవ్వలేదు. ఎండెక్కేదాకా ఆయనే తిరిగాడు. నేను కట్ట మీద కూర్చున్నాను. ఇంటికి వెళ్ళాక మాంసం ఆలస్యమైందని అత్తయ్య ఇద్దర్నీ కలిపి తిట్టింది.

నన్నడిగితే ట్రాక్ డే వల్ల నాకు దక్కిన లాభం మొత్తం ఇంతే, కానీ ఇది చిన్నది కాదు. లెక్క చూడండి. పొడి తారు మీద రెండు బ్రేకులూ బాగా వాడితే 60 వేగంలో ఉన్న బండి దాదాపు 20 మీటర్లలో ఆగుతుంది. 80లో ఉంటే 35 మీటర్లు కావాలి. ఆగే దూరం వేగంతో సమానంగా పెరగదు, వేగాన్ని వేగంతో గుణించిన లెక్కన పెరుగుతుంది. వెనక బ్రేకు ఒక్కటే వాడేవాడికి ఈ దూరాలు దాదాపు రెట్టింపు. ఇక గేదెని చూసి చెయ్యి కదిలేలోపు ఒక సెకను పోయిందంటే 60లో ఇంకో 17 మీటర్లు, 80లో 22 మీటర్లు ముందే అయిపోతాయి. మీరు రోజూ వెళ్ళే జాతీయ రహదారి 16 మీద డివైడర్ సందులోంచి ఎదురు రూటులో వచ్చే ఆటో మీకు అంత దూరం ఇస్తుందా? ఆరు వరుసల రోడ్డు వేశారు, సర్వీసు రోడ్లు వేశారు, అయినా పావు కిలోమీటరు తిరగడానికి బద్ధకం.

ఇదంతా లైసెన్సు ఇచ్చేటప్పుడే చూడాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 15వ నియమం డ్రైవింగ్ పరీక్షలో అభ్యర్థి ఏమేం చేసి చూపించాలో చెప్తుంది. అత్యవసరంగా బండి ఆపి చూపించడం కూడా అందులో ఉంది. నాకు లైసెన్సు ఇచ్చిన చోట మాత్రం ఫస్ట్ గేరులో 8 అంకె వేయించి పంపించేశారు. మనిషి జీవితంలో రోడ్డు మీద 8 ఎన్నిసార్లు వేస్తాడు? ప్రభుత్వానికి జనం సంగతి తెలియక కాదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి బండికీ ఏబీఎస్ (ఎంత గట్టిగా బ్రేకు వేసినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు), అంతకంటే చిన్నవాటికి కనీసం కాంబీ బ్రేకు తప్పనిసరి చేశారు. కాంబీ బ్రేకు అంటే కాలితో వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పట్టుకుంటుంది. మీరు ఎలాగూ ముందు బ్రేకు వేయరు, మేమే వేస్తాం అన్నట్టు. మా మావ బండి అంతకు ముందుది.

ట్రాక్ మీద నేర్చుకున్న రెండోది చూపు. చూపు ఎటుంటే బండి అటు వెళ్తుంది. నా ముందు ఒకతను మలుపులో దారి తప్పి కంకరలోకి వెళ్ళాడు, అతన్నే చూస్తూ ఇంకొకతను అదే కంకరలోకి నేరుగా వెళ్ళిపోయాడు. ఇద్దరికీ ఏం కాలేదు. మన దగ్గర కంకర ఉండదు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు ఉంటాయి. కోతల కాలంలో శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరి రోడ్డయినా సగం కళ్ళమే. పగలు ఫరవాలేదు. చీకటి పడ్డాక వడ్ల కుప్ప మీద నల్ల పరదా కప్పి, లారీలు ఎక్కకుండా చుట్టూ బండరాళ్ళు పెట్టి ఇంటికెళ్ళి పడుకుంటారు. రైతుకి కళ్ళం లేదు, నిజమే, ఆ బాధ నాకు తెలుసు, మాదీ వ్యవసాయమే. కానీ ఆ రాయికి కాస్త సున్నం పూస్తే ఏం పోయింది? అలాంటి రాయి లైటు వెలుగులో హఠాత్తుగా కనపడితే కళ్ళు దానికే అతుక్కుపోతాయి. రాయిని వదిలి పక్కనున్న ఖాళీని చూడడం నేర్చుకోవాలి. ఎడమకి తప్పుకోవాలంటే ఎడమ హ్యాండిలుని ముందుకి నెట్టాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది, బండి మాత్రం అలాగే వాలుతుంది. ఇది కూడా లేఅవుట్‌లో 40 వేగంలో చేసి చూసుకోవచ్చు.

మీకు నా సలహా. మీ 150 బండికి బహుశా ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్ ఉంటుంది, వెనకది లాక్ అవుతుందని గుర్తుపెట్టుకోండి. వారం వారం పొద్దున్నే ఏదైనా ఖాళీ లేఅవుట్ చూసుకోండి. ఇసక ఊడ్చండి. హెల్మెట్, బూట్లు, గ్లౌజులు వేసుకోండి. హ్యాండిలు నేరుగా పెట్టి 30తో మొదలుపెట్టి 60 దాకా బ్రేకు వేయడం సాధన చేయండి. వాచ్‌మన్ ఉంటే ముందే ఒక మాట చెప్పండి, లేకపోతే ప్లాటు కొనేవాడనుకుని మీ ఫోన్ నంబరు తీసుకుంటాడు, ఆ తర్వాత మీకు మనశ్శాంతి ఉండదు. ఇదంతా అయ్యాక కూడా డబ్బు మిగిలి, సరదా ఉంటే నిక్షేపంగా ట్రాక్‌కి వెళ్ళండి. అక్కడ పక్కన నిలబడి తప్పులు చెప్పేవాడు ఉంటాడు, లేఅవుట్‌లో ఉండడు. ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఊరికే తిరగనిచ్చే ట్రాక్ డే అయితే మాత్రం ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కోండి.

వెళ్ళేటట్టయితే బండి మీద మాత్రం వెళ్ళకండి. ఇక్కణ్ణుంచి 800 కిలోమీటర్ల పైమాటే, తిరుగు ప్రయాణంలో ఒళ్ళంతా హూనమై ఉంటుంది, వేగం అంచనా కూడా తప్పుతుంది. రైల్లో పార్సిల్ వేయండి. పార్సిల్ ఆఫీసులో ట్యాంకు ఖాళీ చేయమంటారు కాబట్టి ముందు రోజు పెట్రోలు కొట్టించకండి.